మూగమ్మకు తోడు

తమిళుల ఆడి నెల మొదటి శుక్రవారం. అయ్యాసామి చేయవలసిన పనులు నాలుగు. ఒకటి, పెరట్లో నీళ్ల తొట్టి కడగడం. రెండు, కృష్ణమ్మాళ్ చీరలు అక్కకు ఇచ్చేయడం. మూడు, రుబ్బురోలును బండి ఎక్కించి అక్క ఇంటికే పంపడం. ఇక ఈ ఇంట్లో రుబ్బేవాళ్లు లేరు. నాలుగు, మూగమ్మకు ఒక తోడు తేవడం. మిల్లు చీటీ వెనక పెన్సిలుతో రాసుకుని, నాలుగో దాని కింద గీత గీశాడు.

మూగమ్మ తాబేలు. వీపు మీద పసుపు నక్షత్రాలు. పందొమ్మిదేళ్లుగా ఆ పెరట్లోనే ఉంది. పిల్లలు లేని కృష్ణమ్మాళ్ దాన్ని పెంచింది, పేరు పెట్టింది, మొన్న జూన్‌లో పోతూ పోతూ, "మూగదాన్ని పస్తు పెట్టొద్దండి" అని మొగుడి చెయ్యి పట్టుకుని చెప్పింది. అయ్యాసామి మాట తప్పే మనిషి కాడు. కాని నలభై రోజులుగా మూగమ్మ గడ్డివాము కిందనుంచి తల బయట పెట్టలేదు. తోటకూర వాడిపోయింది, దోసకాయ ముక్కలను చీమలు తిన్నాయి.

"ఒంటిగా ఉండాది బావా, అందుకే తినలేదు," అన్నాడు పక్కింటి చొక్కలింగం. అతనికి చోళపురంలో చేను ఉంది. "మా చేనుకాడ ఒకటి తిరుగుతాండాది. తెచ్చిస్తాను. జత ఉంటే తింటాది చూడు."

అయ్యాసామికి అది న్యాయంగా తోచింది. తనకూ ఒంటిగా అన్నం దిగడం లేదు మరి.

మధ్యాహ్నానికల్లా రెండో తాబేలు గోనెసంచిలో వచ్చింది. దించగానే తోటకూరంతా తినేసింది. తర్వాత గడ్డివాము దాకా నడిచి, మూగమ్మను డిప్పతో ఢీకొంది. టక్కు. మళ్లీ వెనక్కి తగ్గి, టక్కు. సాయంత్రానికి మూగమ్మ గోడ మూలకు చేరి, తలతోబాటు కాళ్లు కూడా లోపలికి లాగేసుకుంది.

రెండూ ఒకే పోలికగా ఉన్నాయి. ఎవరికి పెడుతున్నదీ తెలియాలి గనక అయ్యాసామి మూగమ్మ డిప్ప చుట్టూ ఒక గుడ్డ పట్టీ కట్టాడు. అతను పని చేసేది ఆసుపత్రి గుడ్డ నేసే మిల్లులో. ఇంట్లో తువ్వాలు లేకపోయినా బ్యాండేజీ ముక్కలు ఉంటాయి.

రెండో శుక్రవారం అక్క శంకరియమ్మాళ్ వచ్చింది. ఆడి శుక్రవారం ఆమె చేతికి దొరికిన దేన్నీ బొట్టు లేకుండా వదలదు. గడపకు పెట్టింది, తొట్టికి పెట్టింది, రోలుకు పెట్టింది. ఇంట్లో తాబేలు ఉండడం మంచిది కాదని ఆమె భయం, అందుకని మూగమ్మకు రెండు బొట్లు ఎక్కువే పెట్టింది, పట్టీ మీదే. అంతలో తుంపర పడింది. కుంకుమ తడిసి తెల్ల గుడ్డంతా ఎర్రగా పాకింది.

చొక్కలింగం గోడ మీదుగా చూశాడు. "అయ్యయ్యో! ఏమి బావా, నెత్తురా?"

"కుంకుమ బావా. ఆ చోళపురందే దీన్ని గుద్దింది. దెబ్బేమీ లేదు."

"సరి సరి, నా కాడ దాచేదేమి? కట్టు బాగా కట్టినావు."

ఆ సాయంత్రం తళవాయిపురం బస్సులో చొక్కలింగం ఈ సంగతి కండక్టరు పళనిసామికి చెప్పాడు. కండక్టరుకు చెప్పినది ప్రతి స్టాపులోనూ దిగుతుంది. మర్నాడు పొద్దున పళనిసామే బుట్టతో వాకిట్లో నిలబడ్డాడు.

"అన్నా, తాబేళ్ల ఆసుపత్రి ఇదేనా?"

"ఆసుపత్రీ లేదు, ఏమీ లేదప్పా. ఇది మా ఇల్లు."

"ఆమా ఆమా, అవునన్నా, అట్లే చెప్తారని చొక్కలింగం అన్న ముందే చెప్పినాడు. దీనికి కాలు కుంటి. ఇంట్లోకి దూరిందంట. బయట పారేస్తే పాపమని బస్సులో ఎవరో నా చేతికి ఇచ్చినారు." బుట్ట దించి, విజిల్ ఊది వెళ్లిపోయాడు.

ఇంట్లో దూరిన తాబేలును ఉంచుకోవడానికి భయం, పారేయడానికి పాపభయం. ఇన్నాళ్లూ ఆ రెండింటి మధ్య చిక్కుకున్న జనానికి అయ్యాసామి పెరడు దారి చూపింది. నాలుగోది డిప్ప పగిలి వచ్చింది. అయిదోది ఏ జబ్బూ లేకుండానే వచ్చింది. వచ్చిన ప్రతిదానికీ అయ్యాసామి పట్టీ కట్టాడు, దెబ్బ ఉన్నదానికి కట్టి లేనిదానికి మానడం న్యాయం కాదని. కట్టాక అన్నింటికీ పట్టీలే గనక, మూగమ్మ ఏదో అసలే తెలియకుండా పోయింది.

మూడో శుక్రవారానికి ఎనిమిది. ఏడు పెళ్లి పంక్తిలా తింటున్నాయి, పంక్తి మధ్యలో గుద్దుకుంటున్నాయి. తిననిదే మూగమ్మ అని గుర్తుపట్టి అయ్యాసామి దాన్ని ఒడిలో పెట్టుకున్నాడు. చాలా తేలికగా ఉంది.

"నీ మాట నిలబెట్టలేకున్నాను," అన్నాడు. తాబేలుతో కాదు.

అప్పుడే శంకరియమ్మాళ్ బండితో వచ్చింది. "ఎనిమిదా! ఏమిరా ఇది, సంతా? సరి, రోలు ఇస్తానన్నావు కదా. సరిగ్గా తిరుగుతాదా చూసి తీసుకపోతాను." తెచ్చుకున్న గుప్పెడు నానిన బియ్యం వేసి పొత్రం తిప్పింది. గుర్రు గుర్రుమని నేల సన్నగా అదిరింది.

ఒడిలో మూగమ్మ తల బయటికి వచ్చింది. కాళ్లు గాలిలో ఈదాయి. అయ్యాసామి కిందికి దించాడు. అది చోళపురందాన్ని దాటి, కుంటిదాన్ని దాటి, తిన్నగా రోలు దగ్గరికి నడిచి, మెడ చాచి నోరు తెరిచింది. అయ్యాసామి తోటకూర అందించాడు. తిన్నది.

"ఏమిరా అట్లా చూస్తావు?" అన్నది అక్క. "మరదలు రుబ్బేటప్పుడంతా ఇది ఇక్కడే కదా కూర్చుండేది. ఒక చేత్తో తిప్పతా, ఒక చేత్తో దీనికి పెడతా ఉండేది."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నీ పెళ్ళాం సంగతి నీకు నేను చెప్పేదేమిరా?"

పందొమ్మిదేళ్లు అయ్యాసామి పొద్దున ఆరు గంటల మిల్లు సైరనుకే వెళ్లిపోయాడు. వచ్చేసరికి ఇడ్లీ ఉండేది. అది ఎట్లా వచ్చిందో, కృష్ణమ్మాళ్ ఎవరి పక్కన కూర్చుని రుబ్బిందో అడగలేదు. తలుపు చాటుకు పోయి తువ్వాలు కోసం వెతికి, దొరక్క, బ్యాండేజీతో కళ్లు తుడుచుకున్నాడు.

బండి చీరలతో మాత్రమే వెళ్లింది. ఏడు తాబేళ్లను పళనిసామి కొండ కింద ముళ్లపొదల దగ్గర దింపి వచ్చాడు, టికెట్టు లేకుండానే. అయ్యాసామి మిల్లులో రెండో షిఫ్టు అడిగి మార్చుకుని, రోజూ పొద్దున రోలు ముందు కూర్చుంటున్నాడు.

మీ ఇంట్లో పొద్దున పొత్రం తిరిగే చప్పుడు వింటే, దయచేసి ఒకసారి కృష్ణమ్మాళ్‌ను తలచుకోండి. అయ్యాసామి ఇంటికి వెళ్లి ఇడ్లీ తింటే మాత్రం ఆమెను ఏమీ అనకండి. ఆ పిండి ఆమె రుబ్బినది కాదు.