మూడువందల పదకొండు మంది గిరిబాబులు

"పిల్లకాయలకు చదవడం వస్తుందా రాదా అన్నది పాతకాలపు ప్రశ్న. వస్తుందన్న నమ్మకం ఉందా లేదా, అదీ ఈనాటి ప్రశ్న!" అని మదనపల్లె సభలో మంత్రి భీమరావుగారు ప్రకటించగానే చప్పట్లు మోగాయి. ఇంతటి ఆలోచన ఇదివరకు ఏ మంత్రికీ రాలేదు. చదువును కొలవాలంటే ముందు చదివించాలి. నమ్మకాన్ని కొలవడానికి ఫారం చాలు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం డిగ్రీ కాలేజీల్లో పదిరోజుల్లో సర్వే ముగించాలని ఆర్డరొచ్చింది. బాధ్యత జాయింట్ డైరెక్టర్ వెంకటమునిగారిది. పుంగనూరులో తెలుగు చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ స్వర్ణలతను పిలిచి ఆయన సూటిగానే చెప్పారు.

"నూటికి నూరు రావల్లమ్మా. వస్తే నీ రెన్యువల్ ఆర్డరు మీద మంత్రిగారి చేత స్టేజీ మీదనే సంతకం పెట్టిస్తా. రాకుంటే నీ ఇష్టం."

పదకొండేళ్లుగా ప్రతి జూన్‌లోనూ రెన్యువల్ ఫైలు వెనక తిరిగే మనిషి స్వర్ణలత. నూరేమిటి, నూటయాభై అడిగినా తెచ్చేది.

మదనపల్లెలో తొంభైఏడు వచ్చింది. కుప్పం వాళ్లు తమిళం, కన్నడం నమ్మకాలను కూడా కలిపేసరికి నూటనాలుగు తేలింది. వంద దాటితే బాగుండదని వెంకటమునిగారు దాన్ని తొంభైతొమ్మిదికి దించారు. ఆయన నిజాయితీ అలాంటిది.

పుంగనూరులో తప్పులు దొర్లకూడదని కాలేజీ క్లర్కు గిరిబాబు ఒక ఫారం తానే నింపి, నమూనాగా నోటీసు బోర్డుకు అంటించాడు. పిల్లకాయలు వరుసలో నిలబడి క్రమశిక్షణగా ఎక్కించుకున్నారు. సాయంత్రానికి మూడువందల పన్నెండు ఫారాలు చేరాయి. మూడువందల పదకొండింటిలో నమ్మకం ఐదుకు ఐదు. ఆ మూడువందల పదకొండింటిలోనూ పేరు గిరిబాబు, వయసు నలభైఆరు, ఉద్యోగం క్లర్కు.

కట్టలు తిరగేసి వెంకటమునిగారు ఉప్పొంగిపోయారు. "ఎంత ఐకమత్యమమ్మా! ఈ ఒక్కటే తేడాగా ఉండాది. ఎవురీ కుమారి? రెండేసిందే!"

పొద్దున్నే డెయిరీలో పాలు పోసి, మొదటి బస్సుకు కాలేజీకి వచ్చే పిల్ల కుమారి. వచ్చి నిలబడింది.

"యాలమ్మా రెండేసినావు?"

"మా నాయన భూమి రీసర్వే నోటీసు తెచ్చిచ్చినాడు సార్. మూడుసార్లు సదివినా. ఆ చేను మాదని రాసినారో, మాది కాదని రాసినారో తెలీలా. అందుకే రెండు."

"నువ్వు చేసిన తప్పే అది. సదవమని ఎవురు చెప్పినారు? తక్కినోళ్లు సదివినారా? ఎంత ధైర్యంగా ఉండారో సూడు!"

"వాళ్లు పేరు కూడా వాళ్లది రాయలేదు గదా సార్."

"పేరుకు మార్కుల్లేవమ్మా."

స్వర్ణలత ఆ పిల్లను వరండాలోకి తీసుకుపోయింది. "కుమారీ, నా ఉద్యోగం నీ రెండు మీద నిలబడి ఉండాదమ్మా" అంది. ఆ ఫారం, పెన్నూ ఆ పిల్ల చేతిలో పెట్టింది.

కుమారి ఆమె ముఖం చూసింది. రెండు కొట్టేసి ఐదు వేసింది. "ఇది మీ కోసరం మేడమ్. నాకైతే రెండే."

ఆ పూట స్వర్ణలతకు అన్నం సయించలేదు. మర్నాడు సయించింది. జూన్ దగ్గరకొచ్చేసింది మరి.

పుంగనూరులోనే విజయోత్సవం పెట్టారు. మంత్రిగారు స్వర్ణలతకు శాలువా కప్పి, రాజధానిలో టైపయి వచ్చిన ఆర్డరు మీద చదవకుండానే సంతకం పెట్టి, ఆమె చేతికే ఇచ్చారు.

"నువ్వే సదివి వినిపించమ్మా. గట్టిగా!"

పదకొండేళ్ల ఎదురుచూపంతా గొంతులోకి తెచ్చుకుని ఆమె మొదలుపెట్టింది.

"పుంగనూరు కళాశాల విద్యార్థులు పఠనంలో నూరు శాతం ఆత్మవిశ్వాసం సాధించినందున..."

చప్పట్లు. వెంకటమునిగారు లేచి నిలబడి మరీ కొట్టారు.

"...సదరు కళాశాలలో తెలుగు బోధన ఇకపై అనవసరమని నిర్ధారించి, అందుకు సంబంధించిన కాంట్రాక్టు పోస్టును నేటి నుండి... రద్దు చేయడమైనది."

హాలు దద్దరిల్లింది. ఈలలు కూడా వేశారు.

"సార్, ఇది..." అంది స్వర్ణలత, కాగితం మంత్రిగారి వైపు తిప్పి.

"సిగ్గుపడొద్దమ్మా, నీ కష్టమే గదా ఇదంతా!" మంత్రిగారు మైకును ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరిపారు. "ఇంకోసారి సదువు. టీవీవాళ్లు ఇప్పుడే వచ్చినారు."

స్వర్ణలత ఇంకోసారి చదివింది. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టారు.