భద్రమ్మక్క తుంటిలో మిల్లీమీటర్లు

తుంటి కీలు రెండోసారి మార్పించుకోని మనిషిది కూడా ఒక బతుకేనా? బల్లగుద్ది అడుగుతున్నాను!

మా భద్రమ్మక్కది తరిగొప్పుల. మొదట వేసిన ఇనుప కీలు వదులైతే, హనుమకొండ తీసుకుపోయి రెండోది వేయించాం. అప్పటినుంచి సైన్సు వచ్చి మా ఇంట్లో తిష్ఠ వేసింది. ఆర్నెల్లకోసారి ఎక్స్‌రే! పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టి, ఎముకలో కీలు ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో డాక్టరు గారు స్కేలుతో కొలుస్తారు.

ఎంత మర్యాద! మా దగ్గర పొలం గట్టు గజం జరిగినా సర్వేయరు రాడు. రోడ్డు సగం వాగులోకి జరిగినా ఇంజినీరు రాడు. మా అక్క తుంటి ఆవగింజంత జరిగితే మాత్రం పెద్ద డాక్టరు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూస్తాడు! ఏ మహారాణికి దక్కిందండీ ఈ వైభోగం?

అక్కకు నొప్పి ఉంది, కాదనను. కానీ కీలు జరిగిందని లెక్క తేలితేనే కదా మూడో ఆపరేషన్ సంగతి! అందాకా ఓర్చుకోవాలి. ఓర్పు ఆరోగ్యానికి మంచిది.

ఈసారి పాత ఫిల్ములు ఒక్కటీ దొరకలేదు. సూర్యగ్రహణం చూడ్డానికని అక్క కొడుకు ఉపేందర్ వాటన్నిటినీ కత్తెరతో కోసి వాడలో అందరికీ పంచిపెట్టాడట. ఒకరికి తొడ ఎముక, ఇంకొకరికి కీలు గిన్నె!

"సూర్యుడు మస్తు కనవడ్డడు మామా!" అన్నాడు సంబరంగా. ఊరు ఊరంతా మా అక్క తుంటిలోంచి సూర్యదర్శనం చేసుకుంది. ఆ పుణ్యం ఊరికే పోతుందా?

డాక్టరు గారు మాత్రం నొచ్చుకున్నారు. "పాతదేదీ లేకుండా దేంతో పోల్చను? ఇవాళ్టిదే మొదటిదనుకుందాం. ఆర్నెల్లు ఆగి రండి" అన్నారు, ఫిల్ము మీంచి తల ఎత్తకుండానే. సబబే! పద్ధతంటే పద్ధతి! నేను దండం పెట్టాను.

అక్క పెట్టలేదు. బల్ల పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది.

"సారూ, పోయినేడు మిర్పచేను దాంక నడిచిపోయిన. మొన్న దసరా దాంక వాకిట్ల సాన్పి జల్లిన. ఇప్పుడు మంచం దిగాల్నంటే గోడ పట్టుకుంటున్న. గిది ఎన్ని మిల్లీమీటర్లయితది?"

డాక్టరు గారు స్కేలు కింద పెట్టారు. ఇన్నాళ్లకు మొదటిసారి అక్క ముఖం చూశారు.

నేనూ చూశాను. మూడేళ్లుగా ఆ ఫిల్ములు చంకన పెట్టుకుని తిరుగుతున్నానే గాని, నడవగలుగుతున్నావా అక్కా అని నేనూ ఒక్కనాడు అడగలేదు.