కస్టడీలో హార్మోనియం

సింగరాయకొండ దగ్గరి పల్లెలో ఆ ఉదయం వీరమ్మ అనుకున్నది చాలా తేలికైన పని. చర్చిలో కూతురు స్తుతి పెళ్లి, ఆ వెంటనే భోజనాలు. తీరా చూస్తే పెళ్లికూతురు ముస్తాబయ్యేలోపే చర్చి హార్మోనియం పోలీస్ స్టేషన్‌కు చేరింది. అది ఎవరింట్లో ఉండాలన్న దాని మీద సంఘ పెద్దలు ఫిలిప్, ఆదాం కొట్లాడుకుని, ఒకరి మీద ఒకరు ఫిర్యాదు ఇచ్చుకున్నారు.

"తాతయ్య వాయించకపోతే నేను ప్రమాణం చెయ్యను," అని స్తుతి మంచం మీద కూలబడింది. ప్రేమదాసు తాత వేళ్లు ఆ పెట్టె మీద తప్ప మరో పెట్టె మీద కదలవు.

వీరమ్మ స్టేషన్‌కు పరుగెత్తింది. "ఒక్క గంట ఇప్పించండి సార్!"

"కుదరదమ్మా. ఫిర్యాదులు తేలేదాకా అది మా కస్టడీలో ఉంటుంది," అన్నాడు ఎస్సై అంకమ్మరావు.

"కస్టడీ అంటే ముట్టుకోకూడదా అండీ?"

"ముట్టుకోవచ్చు. గేటు దాటకూడదు. మా కళ్ల ముందే ఉండాలి."

"అంతేనా? అయితే పెళ్లే ఇక్కడికొస్తది."

వేళాకోళం అనుకుని అంకమ్మరావు నవ్వాడు. కాసేపటికే ఆవరణలో షామియానా లేచింది. ఆయన పరుగున వచ్చాడు.

"పెట్టె గేటు దాటిందా సార్?" అంది వీరమ్మ.

"లేదు."

"మీ కళ్ల ముందే ఉందా?"

"ఉంది."

"మరింకేం?"

ఆమె మగపెళ్లివారికి ఫోన్ చేసి, "పెళ్లి స్టేషన్‌లో" అంది. చీరాల నుంచి వచ్చిన వాళ్లు రైలు దిగి, బుద్ధిగా ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నారు. సంగతి తెలిసి కానిస్టేబుళ్లు వెళ్లి పెళ్లికొడుకును పోలీసు జీపులో తెచ్చారు. సూటు వేసుకున్న కుర్రాణ్ని జీపులో చూసిన బజారు, "పెళ్లికొడుకుని అరెస్టు చేశారంట!" అని గుప్పుమంది. జనం స్టేషన్ చుట్టూ మూగారు. ముట్టడి జరుగుతోందని డీఎస్పీకి కబురు వెళ్లింది. ఆయన రెండు వ్యాన్ల బలగంతో దిగాడు.

గేటు దగ్గరే ఆగిపోయాడు. ప్రేమదాసు కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. హార్మోనియం పెట్టిన బల్ల ఊగకుండా ఫిలిప్ ఒకవైపు, ఆదాం ఇంకోవైపు పట్టుకుని గొంతెత్తి పాడుతున్నారు. కానిస్టేబుళ్లు చప్పట్లతో తాళం వేస్తున్నారు. పాట ముగిశాక స్తుతి "సమ్మతమే" అంది. జనం కేకలకు షామియానా అదిరింది. వీరమ్మ కళ్లు తుడుచుకుని, తల ఎత్తి నిలబడింది.

"ఫిర్యాదు చేసిందెవరు?" అని గర్జించాడు డీఎస్పీ.

ఫిలిప్, ఆదాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఫిర్యాదా? మాకేం లేదండీ," అన్నాడు ఫిలిప్.

"పెట్టె సంఘానిది. చర్చిలోనే ఉంటది," అన్నాడు ఆదాం. "బిర్యానీ తిన్నారా సార్?"

బలగమంతా రెండో బంతిలో కూర్చుంది. హార్మోనియం అదే జీపులో చర్చికి వెళ్లింది.

మర్నాడు స్టేషన్‌కు రెండు కుటుంబాలు వచ్చాయి, కేసు పెట్టడానికి కాదు, హాలు అద్దె ఎంతో కనుక్కోవడానికి.