పెట్టెకి తెలిసిన పరిమితులు

మానవజాతి సాధించిన మహత్తర విజయం ఏమిటంటే, లోకంలో ఇప్పుడు లోపాలనేవి లేవు. ఉన్నవల్లా 'తెలిసిన పరిమితులు'. చెప్పులోంచి మేకు పొడుచుకొస్తే అది లోపం కాదు, చెప్పుకి ఉన్న తెలిసిన పరిమితి. దానికో తాత్కాలిక ఉపాయం కూడా ఉంటుంది: ఆ కాలు మోపకుండా నడవడం.

ఈ సత్యం, ఓ పెద్దాసుపత్రిలో సర్వర్ గది చూసుకునే ఆవిడకి ఒక మంగళవారం పొద్దున బోధపడింది. అందరూ ఆవిణ్ణి పెట్టెలక్క అంటారు. ఆసుపత్రిలో తీసిన స్కాన్లన్నీ ఆ గదిలో ఒక పెట్టెలో ఉంటాయి. పెట్టెలో వరసగా డిస్కులు, వాటిమీద పెత్తనానికి రెయిడ్ కంట్రోలర్ అనే కార్డు. ఉమ్మడి కుటుంబం లాంటి ఏర్పాటు. ఒక డిస్కు మంచాన పడితే మిగతావి దాని బరువు మోస్తాయి. రెండోది కూడా పడిందా, కొంప మునిగినట్టే.

ఆ పొద్దున తెర చూస్తే ఒక డిస్కు ఎప్పుడో పోయింది, రెండోది మూలుగుతోంది. అలారం మోగలేదా అంటే, మోగదు. ఎవరో ఒకరు ఆపేదాకా మోగుతూనే ఉండడం దానికున్న తెలిసిన పరిమితి. అంచేత శాశ్వతంగా ఆపించారు. (పక్క గదిలో సూపరింటెండెంటుగారు ఆలోచిస్తూ ఉంటారు. కళ్ళు మూసుకుని.) బ్యాకప్ ఉందా అంటే, ఉంది. ఆ పెట్టెలోనే.

అంతలో సర్జనుగారి ఫోను.

"అక్కా, పెద్దాయన్ని ఆపరేషన్‌కి సిద్ధం చేసి స్ట్రెచర్ మీద పడుకోబెట్టాం. పోయినేడాది స్కాన్ తెరుచుకోవడం లేదు. గడ్డ పెరిగిందో లేదో చూడందే కత్తి ఎలా పెట్టను?"

పెట్టెలక్క వెంటనే పెట్టె అమ్మిన కంపెనీకి ఫోన్ చేసింది. పరిమితుల విభాగాధిపతి పలికాడు.

"సార్, పోయిన డిస్కుని మారుద్దామంటే తెరమీద ఒక నంబరు, ఎర్రదీపం ఇంకోదానిమీద. ఏది పీకను?"

"అది తెలిసిన పరిమితమ్మా. కార్డు సున్నా నుంచి లెక్కపెడుతుంది, పెట్టె ఒకటి నుంచి."

"మరి దీపం?"

"దీపం దాని ఇష్టం."

"ఎవరికి తెలిసిన పరిమితి సార్ ఇది?"

"మాకు."

"మాకు చెప్పలేదే!"

"మీకు చెబితే అది హెచ్చరిక అయిపోతుందమ్మా. హెచ్చరికల విభాగం వేరు."

"పోనీ, స్కాన్లన్నీ ముందు వేరే మిషన్లోకి తీసేసుకోనా?"

"తీస్తే రెండో డిస్కు మీద బరువు పడుతుంది. పోవచ్చు."

"తియ్యకపోతే?"

"అప్పుడూ పోవచ్చు. అసలు వాడకండమ్మా. వాడనంతకాలం మా పెట్టెలో ఏదైనా భద్రమే."

"ఇక్కడ స్ట్రెచర్ మీద మనిషున్నాడు సార్!"

"మనుషులు మా వారంటీలోకి రారమ్మా."

పెట్టెలక్క ఫోన్ పెట్టేసి, ఏ డిస్కూ ముట్టుకోకూడదని నిశ్చయించుకుంది. వార్డులన్నిటికీ ఫోన్ చేసి, తను చెప్పేదాకా ఎవ్వరూ ఏ స్కానూ తెరవొద్దంది. పెట్టె మీద ఇంకే బరువూ లేకుండా చేసి, పెద్దాయన స్కాన్ ఒక్కటే బయటికి లాగడం మొదలుపెట్టింది. రెండో డిస్కు కటకటమంది.

సూపరింటెండెంటుగారు ఊడిపడ్డారు. (ఆలోచన తెగింది.)

"ఎవర్నడిగి ఆపావమ్మా పనులన్నీ?"

"పెద్దాయన్ని సార్."

"ఏ పెద్దాయన? మంత్రిగారా?" ఆయన గొంతు తగ్గింది.

"స్ట్రెచర్ మీదున్నాయన."

స్కాన్ నత్తనడకన వచ్చింది, చెక్కుచెదరకుండా వచ్చింది. సర్జనుగారు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశారు. గడ్డ ఇసుమంతైనా పెరగలేదు. కొయ్యాల్సిన పనే లేదు. పెద్దాయన లేచి చొక్కా తొడుక్కుని, "పొద్దుట్నుంచీ కడుపు మాడ్చారు, దానిమాటేమిటి?" అని దెబ్బలాడి ఇంటికెళ్ళాడు.

పెట్టెలక్క మిగతా స్కాన్లు కూడా ఒక్కొక్కటే ఇంకో మిషన్లోకి తీసింది. ఆఖరిది వచ్చేశాక రెండో డిస్కు మర్యాదగా ప్రాణం విడిచింది. ఆవిడ కుర్చీలో కూలబడి, ఎందుకో తెలీకుండా కాసేపు ఏడ్చింది.

తర్వాత విచారణ సంఘం కూర్చుంది. (సంఘాలు కూర్చుంటాయి. లేవకపోవడం వాటి పరిమితి.) అంతా విని, నివేదికలో ఇలా తేల్చింది: "పెట్టెలో ఏ లోపమూ కనబడలేదు. ఆసుపత్రి మొత్తం ఒక ఉద్యోగిని మీద ఆధారపడి ఉండడమొక్కటే తెలిసిన పరిమితి. తాత్కాలిక ఉపాయం: ఆమెకి సెలవు ఇవ్వరాదు."