కళ్ళం తిరిగిన పడవ

ఆ ఆదివారం పొద్దున కూడా ఓవర్సీరు ఓబులేసు సంగటి మాడబెట్టాడు. ఉగాది వెళ్ళగానే అతని భార్య కృష్ణవేణమ్మ, "ఈ బండల్లో ఈ దుమ్ములో నేనుండలేను. నువ్వు కడపకు బదిలీ చేయించుకో, అప్పుడు పెడతా నీకు కూడు" అని పెట్టె సర్దుకుని కడపలో పుట్టింటికి పోయింది. అప్పటి నుంచి అతను వండుకుని తినేదానికి ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు.

బదిలీ కాగితం చొక్కా జేబులో సిద్ధంగా ఉంది. దాని మీద సంతకం పెట్టవలసిన పెద్ద ఇంజనీరు ఆ రోజే ఆనకట్టకు వస్తున్నాడు. ఆయన కోస్తా మనిషి. రాజధాని కర్నూలుకు వచ్చినప్పటి నుంచి డేరాలో కాపురం. ఆ ఉక్కలో ఆయనకు మిగిలిన సుఖం చేపలు పట్టడం ఒక్కటే. ఆనకట్ట వెనక తుంగభద్ర నిండుగా నిలబడి ఉంది. కాలవకు నీళ్ళు వదలండి మహాప్రభో అని రైతులు నెల రోజులుగా మొత్తుకుంటున్నారు. ఇంజనీరుగారు పరిశీలిస్తున్నారు. నీళ్ళు తగ్గితే చేప దొరకదనేదే ఆ పరిశీలన.

"చేప పడితే దొర నవ్వుతాడు. నవ్వినప్పుడు కాగితం ముందు పెడితే సంతకం చేస్తాడు" అన్నాడు ఓబులేసు, ఆనకట్ట పక్క సర్కారు బంగళాలో వంట చేసే భీమమ్మతో.

"పడకపోతే?"

"నోరు మంచిది కాదు భీమమ్మా నీది. మసాలా నూరుకో పో."

భీమమ్మ పదిమందికి సరిపడా నూరింది. నమ్మకం ఉన్నవాళ్ళ పని అట్లాగే ఉంటుంది.

ఇంజనీరు జీపులోంచి దిగుతూనే ఒక చిన్న మోటారును దింపించాడు. ఎవరో ఇంగ్లీషు దొర దేశం వదిలిపోతూ దాన్ని ఆయనకు ఇచ్చాడట. సర్కారు పడవకు వెనక పెద్ద మోటారు ఎప్పటి నుంచో ఉంది. దాని పక్కనే దీన్ని బిగించమన్నాడు.

"పెద్దది గుర్రంలా పరిగెత్తుతుందయ్యా. చేప దాని వెంట పడదు. చిన్నది మెల్లగా పోతుంది. మనం దారం వెనక వదిలి, ఎరను ఈడ్చుకుంటూ పోవాలి. బతికిన చేపపిల్ల ఈదుతోందనుకుని పెద్ద చేప మింగుతుంది. రెండు మోటార్ల పిడులకూ ఒక కర్ర అడ్డంగా కట్టించు. ఒకటి తిరిగితే రెండోదీ తిరగాలి. తెలుసా?"

"తెలుసు సార్" అన్నాడు ఓబులేసు. అతని ఉద్యోగమంతా ఆ రెండు మాటల మీదే నడిచింది.

పడవ నడిపే మారెన్న ఆదోని పక్క రైతు బిడ్డ. కర్ర కట్టమనగానే అతని ముఖం వెలిగింది. "కాడి కట్టమంటాండారు, అంతే కదప్పా! ముసలెద్దు పక్కన కోడెను కట్టినట్ల. నాకు తెల్వందా!"

"అదే, అదే" అన్నాడు ఓబులేసు, ఒక తెలిసినవాడు దొరికినందుకు సంతోషించి.

పెద్ద మోటారు మీద నది నడుమకు పోయారు. అక్కడ దాన్ని ఆపి చిన్నదాన్ని లాగారు. అది దగ్గి, తుమ్మి, ఒక్కసారిగా గజగజలాడింది. ఇంజనీరు గాలం వదిలి, టోపీ సర్దుకుని, నీళ్ళలో దారం మీదే చూపు పెట్టాడు. మారెన్న చూపు మాత్రం మోటారు మీద ఉంది.

"ఓవర్సీరప్పా, కోడె బెదురుతాండాది. ఇట్ల ఇడిస్తే కాడి ఇరగ్గొడ్తాది."

"అయితే ఏం చేస్తావు?"

"కళ్ళంలో ఏం చేస్తాం? కొత్త కోడెను నడిమి గుంజకు బిగిస్తాం. నాలుగు సుట్లు తిరిగితే అదే అణుగుతాది."

ఓబులేసు ఆలోచించేలోపే మారెన్న జనుము తాడుతో చిన్న మోటారు పిడిని పడవ అంచు గుంజకు లాగి కట్టేశాడు. వాళ్ళ నాయన నేర్పిన ముడి. ఎద్దు చచ్చినా ఊడదు. పిడి పక్కకు ఒరిగింది, కర్ర వల్ల పెద్ద మోటారూ ఒరిగింది. పడవ కుడివైపుకు తిరిగి, చుట్టు మొదలుపెట్టింది.

మొదటి చుట్టు ఇంజనీరు గమనించలేదు. రెండో చుట్టులో ఎండ ముఖం మీదికి వచ్చింది, వీపు మీదికి పోయింది, మళ్ళీ ముఖం మీదికి వచ్చింది.

"ఏమయ్యా, తిన్నగా పోనీ!"

మారెన్న ముడి విప్పబోయాడు. నీళ్ళు చిమ్మి తాడు తడిసింది. తడిసిన జనుము బిగిసింది. చేప కోసే కత్తి జీపులోనే ఉండిపోయింది.

"ఆపేయ్ రా!" అన్నాడు ఓబులేసు.

"ఆపితే నీళ్ళ లాగుడుకు కట్టమీదికి పోతాం. పోదామా?"

"వద్దు, వద్దు! పెద్దది వేసి లాగు!"

పెద్దది వేశాడు. అదీ ఒరిగే ఉంది కాబట్టి అదే చుట్టు తిరిగింది, కాకపోతే నాలుగింతల జోరుగా. ఇంజనీరు టోపీ నీళ్ళలో పడి కాసేపు వెంట వచ్చి, విసిగి మునిగిపోయింది.

"ఆపండిరా దాన్ని!" అని ఇంజనీరు అరిచాడు. పెద్దదాన్ని ఆపారు. చిన్నది మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

సరిగ్గా అప్పుడే ఆయకట్టు రైతులు దండ పట్టుకుని గట్టు మీదికి వచ్చారు. ఇంజనీరుగారి కాళ్ళు పట్టుకునైనా నీళ్ళు అడుగుదామని వాళ్ళ పెద్ద నరసన్న తీసుకొచ్చాడు. చూస్తే నది నడుమ దొర, బోడి తలతో, నీళ్ళ మీద చుట్లు తిరుగుతున్నాడు.

"అదేందబ్బా! దొర ఏం సేస్తాండాడు?"

బంగళా అరుగు మీద నుంచి భీమమ్మ చూసి చేతులు జోడించింది. "కండ్లు లేవా మీకు? గంగమ్మకు ప్రదక్షిణం. కుడిచేతి పక్కే తిరుగుతాండాడు సూడు, ఒక్కటి గూడా తప్పు పోలే. కాలవ ఇడిసే ముందర గంగపూజ సేస్తారు గదా!"

నరసన్న కండ్లలో నీళ్ళు తిరిగాయి. "అయ్యో, ఈయప్పను మనం ఎన్ని తిట్లు తిట్టినాం!"

ఒకడు టెంకాయకు పరిగెత్తాడు, ఒకడు డప్పుకు. డప్పు విని పక్క పల్లె కదిలింది. పడవలో ఇంజనీరుకు డప్పు వినబడింది గానీ ఎందుకో తెలియలేదు. అడిగే తీరికా లేదు, ఎందుకంటే గాలానికి వాలుగ పడింది. మనిషి చేయంత చేప. లాగాడు, పట్టు బిగించాడు, ఎట్లాగో పడవలోకి వేశాడు. ఆ లాగుడులో మిగిలిన దారం మోటారుకు చుట్టుకుని, అది ఒక్క దగ్గు దగ్గి నిలిచిపోయింది. పడవ మెల్లగా కొట్టుకుపోయి ఆనకట్ట గోడకు ఆనింది. పైనుంచి పదిమంది తాళ్ళు వేసి ఆపారు.

ఇంజనీరు చేపను రొమ్ముకు పొదువుకుని తల ఎత్తాడు. ఎదురుగా ఊరు ఊరంతా. దండ, టెంకాయ, హారతి పళ్ళెం.

"సామీ, పూజలో చేప ఏంది?" అన్నాడు నరసన్న.

ఇంజనీరు చేపను వీపు వెనక్కి దాచబోయాడు. సర్కారు పడవ, సర్కారు పెట్రోలు, నెల నుంచి ఆపిన నీళ్ళు, చేతిలో చేప. ఆయన పరువు పోతే సంతకం కూడా పోతుందని ఓబులేసుకు తట్టింది. జేబు తడుముకుని, జీవితంలో మొదటిసారి అడగకుండానే మాట్లాడాడు.

"గంగమ్మ సొమ్ము గంగమ్మకే ఇడుస్తారు! అది ఆఖరి మొక్కు. అది కాంగానే కాలవకు నీళ్ళు. ఈ పొద్దే!"

జనం గోవిందా అన్నారు. ఇంజనీరు ఓబులేసును చూశాడు, చేపను చూశాడు. బిడ్డను అత్తవారింటికి పంపే తండ్రిలా దాన్ని నీళ్ళలోకి జార్చాడు. దండ మెడలో పడింది. మధ్యాహ్నానికి గేట్లు లేచాయి.

సాయంత్రం జీపు దగ్గర ఓబులేసు కాగితం తీశాడు. తడిసినా అక్షరాలు కనబడుతున్నాయి.

"సార్, కడపకు..."

ఇంజనీరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఇవాళ నా మానం కాపాడావయ్యా. నీలాంటి వాణ్ణి వదులుకుంటానా? పైగా నీళ్ళు వదిలేశాం. రాత్రీ పగలూ గేట్ల దగ్గర నమ్మకమైన మనిషి ఉండాలి. నేను ఈ జిల్లాలో ఉన్నన్నాళ్ళూ నిన్ను ఇక్కణ్ణించి ఎవడు కదుపుతాడో చూస్తాను!"

"మంచిది సార్" అన్నాడు ఓబులేసు. కాదనే మాట అలవాటు లేదు.

జీపు పోయింది. పదిమందికి నూరిన మసాలాతో భీమమ్మ చేప లేని పులుసు కాచి పెట్టింది. పొద్దుటి మాడిన సంగటిని అందులో అద్దుకు తింటూ అతను గేట్ల పక్కన కూర్చున్నాడు. మారెన్న పక్కన చేరి, "చూస్తివా ఓవర్సీరప్పా, కోడె ఎట్ల అణిగెనో!" అన్నాడు.

కాళ్ళ కింద కాలవ గలగలమంటూ, ఎవరి సంతకమూ అడక్కుండా, కడపకు పోతోంది.