ట్యాంకు వెనక చిరుత

ఆ ఆదివారం పొద్దున పద్మావతి పెట్టుకున్న పని ఒక్కటే. పది గంటలలోపు, పిల్లలు జడుసుకోని కథ ఒకటి ఎంచుకోవాలి.

బెంగళూరు మహదేవపుర దగ్గర వాళ్ళ లేఅవుట్‌లో, అక్కడి ఇళ్ళవాళ్ళ సంఘానికి గది ఒకటి ఉంది. మురుగు కాలువ మీద స్లాబు వేసి, ఎవరినీ అడగకుండా కట్టింది. పీణ్యలో ఉద్యోగం చేసి రిటైరైన సంఘం ప్రెసిడెంటు చెన్నయ్య, ఆయన మిత్రులు అందులో ఏళ్ళుగా రమ్మీ ఆడుతున్నారు. పద్మావతి పోట్లాడి, ఆదివారం పూట కాసేపు పిల్లల కథలకని ఆ గది తీసుకుంది. పోయిన వారం దేవకన్య కథే కదా అని పుస్తకం తెరిస్తే, సగంలో మంత్రగత్తె వచ్చి దేవకన్య రెక్కలు కత్తిరించింది. ఆ రాత్రి లేఅవుట్‌లో ఏ ఇంట్లోనూ పిల్లలు లైటు ఆర్పనివ్వలేదు.

"ఈ వారం బిడ్డలు రాకపోతే గది మాదేనమ్మా," అన్నాడు చెన్నయ్య. "పేక ముక్కల్ని చూసి ఎవరూ జడుసుకోరు."

అందుకని పద్మావతి తన బాల్కనీలో నిలబడి, ఎదురింటి బాల్కనీలో బట్టలారేస్తున్న ఫర్హానాను సలహా అడిగింది. మధ్యలో రోడ్డు సన్నం. గొంతులు మాత్రం పెద్దవి.

"దేవకన్యలు వద్దే వద్దు పద్మక్కా. జంతువును పెట్టు."

"కుందేలంటే బోర్ అంటారు. చిరుత ఓకేనా?"

"అమ్మో, తినేస్తుందని ఏడుస్తారు."

"ఇది తినదులే. కడుపు ఫుల్లుగా ఉంటుంది. పాపం దారి తప్పి వచ్చి, మన వాటర్ ట్యాంక్ వెనకాలే పడుకుని ఉంటుంది."

"పిల్లలకి ముందే చెప్పేయకు మరి."

"చెప్పను. పది గంటలకి వాళ్ళకే తెలుస్తుంది."

కింద రోడ్డు ఊడుస్తున్న వాచ్‌మన్ చిక్కమునియప్ప చీపురు ఆగిపోయింది.

ఆయనది అత్తిబెలె పక్కన పల్లె. అక్కడ చిరుత పేరు నోటితో పలకరు. పలికితే పిలిచినట్టే. ఇన్నేళ్ళు బెంగళూరులో ఉన్నా ఆయన ఆ కట్టడి తప్పలేదు. ట్యాంకు వైపు ఒకసారి చూశాడు. వెళ్ళి చూడాల్సిన అవసరం కనిపించలేదు. చీపురు అక్కడే పడేసి, ఖాళీ సైటులో ఆవుల్ని కట్టుకునే సొన్నమ్మ దగ్గరికి పోయాడు.

"అక్కా, అది వచ్చుండాది."

"ఏదప్పా?"

"అదే. ట్యాంకు వెనక పండుకోనుండాది. కడుపు నిండుండాదంట. బిడ్డల్ని బయటికి పంపద్దని చెప్పు."

సొన్నమ్మ రెండోసారి అడగలేదు. ఆమె పుట్టింట్లో పేరు పలకనిది పాము. కడుపు నిండి పడుకుందంటే పెద్దదే అయ్యుంటుంది. చెంపలు వేసుకుని, గిన్నెలో పాలు పోసి, పళ్ళెంలో పసుపు కుంకుమ పెట్టుకుని బయలుదేరింది. చంకలో పేకకట్టతో చెన్నయ్య ఎదురొచ్చాడు.

"ఎక్కడికి సొన్నమ్మా, పళ్ళెంతో?"

"మెల్లగా మాట్లాడప్పా. ఆయమ్మ వచ్చుండాది. ట్యాంకు కాడ ఉండాది."

చెన్నయ్య కాళ్ళు ఆగిపోయాయి. ఆయన ఈ భూమ్మీద భయపడే అమ్మ ఒక్కతే, నగరసభకు కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ. పక్క రోడ్డులో అనుమతి లేని షెడ్డును మొన్ననే జేసీబీతో నేలమట్టం చేయించింది. ట్యాంకు దగ్గర నిలబడితే సంఘం గదీ, కింద కాలువా రెండూ కనిపిస్తాయి.

"కోపంగా ఉందా?"

"మనం కదిలిస్తేనే కోపం. ఇన్ని పాలు పోసి మొక్కుకుంటే పోతుంది."

"పాలతో పోయే రకం కాదమ్మా!" అని చెన్నయ్య పరిగెత్తాడు.

గదిలో అప్పటికే ముక్కలు పంచుతున్న మిత్రుల చేతుల్లోంచి పేక లాక్కుని కాలువలో పడేశాడు. "పేకాట గదంటే పడగొడుతుంది. బిడ్డల లైబ్రరీ అంటే ఏ అమ్మకైనా చేతులు రావు. గోడ మీద రాయండ్రా!" అన్నాడు. ఒకాయన పెయింటు డబ్బా తెచ్చి 'పిల్లల గ్రంథాలయం' అని తెలుగులోనూ కన్నడంలోనూ రాశాడు. చెన్నయ్య ఎస్టీడీ బూతుకు పోయి, నగరసభ మెంబరు మునినారాయణప్పకు "అన్నా, వెంటనే రావాల" అని ఫోను చేశాడు. తర్వాత ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగుచేశాడు. పళ్ళు తోముకుంటున్నవాళ్ళని కూడా వదల్లేదు.

పిల్లల మందను ట్యాంకు వైపు తోలుకొస్తుంటే చిక్కమునియప్ప చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

"బిడ్డల్ని యాడికప్పా? అది ఆడనే ఉండాది!"

"తెలుసు. అందుకే తీసుకుపోతుండా. బిడ్డల్ని చూస్తే మెత్తబడుతుంది."

చిక్కమునియప్ప పక్కకు తప్పుకుని, వాళ్ళ వెనకే గది వాకిటి దాకా పోయాడు.

పది గంటలకు పద్మావతి ఖాళీ గదిని తలుచుకుంటూ, దిగులుగా వచ్చింది. గది నిండా పిల్లలు. వెనక రమ్మీ మిత్రులు ఒళ్ళో ఒక్కో పిల్లను పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు.

"మొదలుపెట్టమ్మా," అన్నాడు చెన్నయ్య చెమట తుడుచుకుంటూ. "బయటికి బాగా వినపడాల."

ఆమె గొంతు సవరించుకుంది. "మన వాటర్ ట్యాంక్ వెనకాల ఒక చిరుత పడుకుని ఉంది."

వాకిట్లో ఉన్న చిక్కమునియప్ప ఆ పేరు విన్నాడు. ఇక ఆలోచించలేదు. తలుపు లాగి బయట గడియ పెట్టి, ఖాళీ నూనె డబ్బా అందుకుని వాయించడం మొదలుపెట్టాడు. ట్యాంకు వెనక మొక్కుతున్న సొన్నమ్మ ఆ చప్పుడుకు పాలగిన్నె అక్కడే వదిలి, కేక పెట్టుకుంటూ పరిగెత్తింది. లోపల, "జేసీబీ వచ్చింది!" అని చెన్నయ్య బల్ల కింద దూరాడు. రమ్మీ మిత్రులు ఒళ్ళోని పిల్లల్ని గట్టిగా పట్టుకున్నారు.

"అంకుల్, వదలండి, కథ వినపడట్లేదు," అంది ఒక పాప. "తర్వాతేమైంది ఆంటీ?"

డబ్బా చప్పుడును మించి పద్మావతి కథ చెబుతూనే పోయింది. చిరుత లేచి ఒళ్ళు విరుచుకుని, ఇంటి దారి ఎటని ఉడతను అడిగే చోట, దారిలో సొన్నమ్మ కేకలు విన్న మునినారాయణప్ప గడియ తీసుకుని లోపలికొచ్చాడు.

"యాడుండాది?" అన్నాడు.

ఆయన దేని గురించి అడిగాడో ఎవరికీ తెలియకపోయినా అందరూ ట్యాంకు వైపే చెయ్యి చూపించారు. మెంబరు కర్ర పట్టుకుని వెనక్కి పోయి చూశాడు. పిల్లి ఒకటి సొన్నమ్మ పాలు తాగుతోంది.

ఇంజనీరమ్మ ఏదని చెన్నయ్య, మెంబరు వెనకాలే తిరిగొచ్చిన సొన్నమ్మను అడిగాడు. సొన్నమ్మ చిక్కమునియప్పను అడిగింది. చిక్కమునియప్ప పద్మావతి బాల్కనీ చూపించాడు. ఇంజనీరమ్మ రాలేదని తేలగానే చెన్నయ్యకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే రాత తుడిచేద్దామని తడిగుడ్డ కోసం వెతుకుతూ గోడ వైపు నడిచాడు. మెంబరు అంతకుముందే ఆ గోడ చదివేశాడు. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి.

"చెన్నయ్యా, నువ్వు ఈడ పేకాడిస్తావని జనం చెప్పిరి. నేను నమ్మలే. ఇదంతా నువ్వు చేసిందేనా?"

చెన్నయ్య మిత్రుల వైపు చూశాడు. మిత్రులు నేల వైపు చూశారు.

"అవునన్నా," అన్నాడు.

"ఐతే బీరువా, పుస్తకాలు నేనిస్తా. రోజూ తెరిచిపెట్టు. ఈ గ్రంథాలయానికీ నువ్వే అధ్యక్షుడివి." మెంబరు అందరి ముందూ ఆయన చెయ్యి పట్టి ఊపి, జీపెక్కి వెళ్ళిపోయాడు.

పిల్లలు ఇళ్ళకు పోయాక చెన్నయ్య పద్మావతి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మరి మేం యాడ కూర్చునేదమ్మా?"

"వెనక వరసలో. మాట్లాడకుండా."

మరుసటి ఆదివారం చెన్నయ్య, రమ్మీ మిత్రులు వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. మాట్లాడింది ఒక్కసారే, చిరుత ఇల్లు చేరిందా లేదా ముందు చెప్పమని.