కోదండరామ్ గారి పాము మర్యాదలు

కెనడాలో ఉన్న ప్రతి తెలుగు తండ్రీ ఇంట్లో ఒక పామును పెంచాలి! నవ్వకండి. మనిషికి సంస్కారం పాము వల్లే అబ్బుతుందని సర్రీలో కోదండరామ్ గారింటికి వెళ్ళొచ్చాకే నాకు తెలిసింది.

ఉద్యోగం మారి ఆయన ఈమధ్యే దేశానికి అటువైపున్న బ్రాంప్టన్ నుంచి సర్రీకి కాపురం మార్చారు. పదో క్లాసు కూతురు స్నేహ ఫ్రెండ్స్ అందర్నీ అక్కడే వదిలేసి వచ్చి గది తలుపు వేసుకుంది. అన్నం కూడా గదిలోకే! ఆ పిల్ల మళ్ళీ నోరు తెరిచి 'నాన్నా' అంటే చాలని ఆయన ఆశ. అందుకే అది ఎప్పట్నుంచో అడుగుతున్న, విషం లేని కార్న్ స్నేక్ పిల్లను కొనిచ్చారు.

ఆ పాముకీ బెదురే. చెయ్యి పెడితే చాలు, తోక టపటపలాడించి కాటుకు లేచేది. ఇక చూడాలి ఆయన ఓర్పు! పైనుంచి పట్టుకుంటే గద్ద అనుకుంటుందని ఎక్కడో చదివారట. పక్కనుంచి అరచెయ్యి చాపి, అదే వచ్చి ఎక్కేదాకా కదలకుండా కూర్చునేవారు. అది తిన్నాక రెండు రోజులు ముట్టుకోరు. తను పరమ శాకాహారి అయినా, ఫ్రీజర్లో గోంగూర పక్కనే ఎలుకపిల్లల ప్యాకెట్‌కు చోటిచ్చారు! పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్య చంద్రిక గారి ముందు ఒక్కనాడూ గొంతు తగ్గించని మనిషి, పాము దగ్గర గుసగుసగా మాట్లాడేవారు.

ఇంతలో నాగుల చవితి వచ్చింది. ప్రాణమున్న నాగేంద్రుడు ఊళ్ళో ఉంటే మనవాళ్ళు ఆగుతారా? పాలు, చలిమిడి, చిమ్మిలి పట్టుకుని అందరం దిగాం. ఒక్కసారి బయటికి తీస్తే పిల్లలు దణ్ణం పెట్టుకుంటారని మాలో భీమారావు గారు బతిమాలారు. కోదండరామ్ గారు గాజుపెట్టె మీద టవల్ కప్పేశారు.

"తప్పండీ. కొత్త చోటు, బెదిరిపోయుంది. దానంతటది రావాలిగానీ మనం లాగకూడదు."

ఎంత దయ! నాకు కళ్ళు చెమర్చాయి. తుడుచుకునేలోగా ఆయన మెట్ల దగ్గరికెళ్ళి గొంతెత్తారు. అంకుల్స్, ఆంటీస్ వచ్చారు, వెంటనే కిందికి రావాలి, అందరికీ నమస్తే చెప్పాలి, బ్రాంప్టన్‌లో నేర్చుకున్న కీర్తన పాడాలి, మొహం అలా మాడ్చుకోకూడదు! తలుపు తెరుచుకోకపోయేసరికి పైకెళ్ళి, భుజం పట్టుకుని దింపుకొచ్చారు. పైనుంచే పట్టుకున్నారు సుమండీ.

స్నేహ పాడలేదు. గాజుపెట్టె మీది టవల్ తీసి, తన తల మీద కప్పుకుని సోఫాలో ముడుచుకుంది. దేనికైనా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల, ఆ టవల్ లోపల్నుంచి తెలుగులో అంది.

"నాన్నా, నాకూ కొత్త చోటే."

చూశారా, ఆయన కోరిక తీరింది! చలిమిడి ముద్ద చేతిలో పట్టుకుని మేమంతా నేల చూపులు చూశాం. మన ఇళ్ళల్లో కూడా పిల్లలున్నారు కదా. అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో వడ్డించడం మనకు కొత్తా?

కాబట్టి పామును పెంచండి. అంత ధైర్యం లేకపోతే, పిల్ల గది తలుపు మీద కప్పడానికి ఒక టవలైనా కొనండి.